మంగళం పాడని దీవి ఆట

నా గొంతు మంచిదని నాకు చిన్నప్పుడే తెలుసు. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి, ఈ వయసులో ఎవరేమన్నా నాకు ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. మాది తోలుబొమ్మలాడించే ఇల్లు. తెర వెనక మగవాళ్లు బొమ్మలాడిస్తే ఆడవేషాలకి పాటా మాటా మేమే చెప్పాలి. పుట్టింట్లో మా నాయన తాటాకు చదవడం నేర్పాడు. అత్తింట్లో మా మామ గొంతు ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ విప్పాలో నేర్పాడు. నేను రాణినై ఏడిస్తే తెర ముందు ఆడవాళ్లు కొంగులు తడుపుకునేవాళ్లు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే. ఆ మంచి నోటితోనే నా చెల్లెల్ని దీవికి పంపించుకున్నాను.

మా ఆటకి కొన్ని కట్టుబాట్లున్నాయి. దేవతల బొమ్మల్నీ రాక్షసుల బొమ్మల్నీ ఒకే బుట్టలో పెట్టం. ఏ బొమ్మకైనా కన్ను ఆఖర్న కోస్తాం. కన్ను తెరిచాక అది తోలు కాదు, ఇంట్లో మనిషి కిందే లెక్క. చిరిగిపోయినా పారేయం. మనిషికి చేసినట్టే స్నానం చేయించి, పసుపు రాసి, పెన్నలో వదులుతాం. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఆట చివర్లో ఉంటుంది. కథలో ఎవరు అడవికి పోయినా, యుద్ధానికి పోయినా, చచ్చి పడిపోయినా సరే, దీపం ఆర్పే ముందు అందరినీ మళ్లీ తెర మీదికి తేవాలి. పోయిన వైపు నుంచే తేవాలి. వరసగా నిలబెట్టి మంగళం పాడాలి. ఆ పాట నాది. అది పాడితేనే కథ కంచికీ, మనం ఇంటికీ. పాడకపోతే ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోతారని మా మామ చెప్పేవాడు. ఈ సంగతి చూసేవాళ్లకీ తెలుసు. మా పక్క ముసలాళ్లు కునికిపాట్లు పడుతూ కూడా మంగళం అయ్యేదాకా లేచేవాళ్లు కారు.

ధాత కరువు వచ్చిన ఏడాది మమ్మల్ని ఆటకి పిలిచినవాళ్లు లేరు. తినడానికి లేనివాళ్లకి బొమ్మలెందుకు? ఆత్మకూరు బయట పాక వేసుకుని, దొరలు గంజి పోసే చోట ముంతలు పట్టుకుని నిలబడేవాళ్లం. ఆ రోజుల్లోనే మా చెల్లెలు మర్రిపాడు నుంచి ఒక్కతే నడిచి వచ్చింది. మొగుడు వాంతిభేదులతో పోయాడు. నెల తిరక్కుండానే మా అమ్మ కూడా పోయింది. అమ్మని ఊరి బయట మెట్ట మీద తనే గొయ్యి తీసి పెట్టొచ్చానని చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు. దానికప్పుడు పద్దెనిమిదేళ్లుంటాయేమో. ఒంటి మీద నీలిమందు రంగు చీర ఒకటి, అదీ అరిగిపోయి సాలెగూడులా అయింది. గడ్డం కింద చిన్నప్పుడు మేకపోతు పొడిచిన మచ్చ.

ఆ పిల్లకి ఒక అలవాటుండేది. దేన్నయినా సరే రెప్ప వేయకుండా చాలాసేపు చూసేది. చిన్నప్పుడు ఆట చూస్తూ తెర మీద మనుషులు నిజంగా ఉన్నారనుకునేది. వెనక్కి తీసుకెళ్లి బొమ్మలు చూపించినా నమ్మేది కాదు. ఇవి వేరే, వాళ్లు వేరే అనేది. మేమంతా నవ్వేవాళ్లం.

ఒక పొద్దున మేస్త్రి వచ్చాడు. తెల్లటి తలపాగా, కిర్రుమనే చెప్పులు. నెల్లూరు మనిషి. సముద్రం అవతల మోరీసు దీవిలో చెరుకు తోటలకి జనాన్ని పంపే పని ఆయనది. మా మామ ఎదురుగా గొంతుక్కూర్చుని, ఏదో చుట్టరికం కలుపుకోవడానికి వచ్చినట్టు మాట్లాడాడు.

"చెరుకు కొయ్యను రమ్మంటే ఎవురొస్తారు పెద్దాయనా? పని ఈడ గూడా ఉండాది. ఆడ ఉండే సుఖం చూపించాల. నేను చెప్తే అబద్ధమంటారు. మీ బొమ్మలు చెప్తే నమ్మతారు."

"ఏం సుఖాలుండాయి ఆడ?" అన్నాడు మామ.

మేస్త్రి కళ్లు మూసుకుని, తను ఇప్పుడే అక్కణ్ణుంచి వచ్చినట్టు చెప్పుకుంటూ పోయాడు. "ఆదివారమొస్తే పని లేదు. జనమంతా సముద్రానికి పోతారు. మన సముద్రం మాదిరి మీద పడే అలలు గాదు. దూరంగా నీళ్లలో రాతిగట్టు మాదిరి అడ్డం ఉంటాది. దానికి ఇవతల నీళ్లు తాంబాళంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. నడుంలోతు దిగినా కాళ్ల కింద ఇసక కనపడతాది, ఇసక మీద చేపలు కనపడతాయి. పడవెక్కించి తిప్పుతారు. ఒక చోట ఏడు రంగుల మట్టి దిబ్బలుండాయి. ఇంకో చోట కొండ మీంచి నీళ్లు దూకతా ఉంటాయి, నడి ఎండాకాలంలో గూడా. మనుషుల్ని మోసే తాబేళ్లుండాయి, పిల్లోళ్లు వాటి మీదెక్కి తిరగతారు. ఒక కొండ కొసన మనిషి తలకాయ మాదిరి గుండు నిలబడి ఉంటాది. దాన్ని చూడను యాడ్నించో వస్తారు."

వాటిలో ఎన్ని నిజాలో ఎన్ని అబద్ధాలో నాకు ఈ రోజుకీ పూర్తిగా తెలియదు. తాబేలు మాట మాత్రం నేను అసలు నమ్మలేదు. చాలా ఏళ్లకి తెలిసింది, తాబేలే నిజమంట. కానీ ఆ పొద్దున మమ్మల్ని పట్టుకున్నది తాబేలు కాదు, నడి ఎండాకాలంలో దూకే నీళ్లు. ఆత్మకూరు దగ్గర పెన్నలో అప్పుడు ఇసక తవ్వితే చెలమలో దోసెడు నీళ్లు ఊరడానికి జాము పట్టేది. దూరపు కొండలు నునుపు అని మా ఆయన గొణిగాడు. మేస్త్రి మనిషి నూకల మూట తెచ్చి దించేసరికి నోరు మూసుకున్నాడు. ఆట ఆడినన్నాళ్లూ ఇంటిల్లిపాదికీ నూకలిస్తానన్నాడు మేస్త్రి.

మా బుట్టల్లో ఉన్న దీవి ఒక్కటే, రాక్షసులది. మా మామ దాన్నే విప్పాడు. బంగారు మేడలు దొరల బంగళాలయ్యాయి. కాపలా రాక్షసుడి కోరలు కత్తిరించి, నెత్తిన టోపీ పెట్టి దొరని చేశాడు. కోర కత్తిరించిన చోట మొదలు కొంచెం మిగిలిపోయింది. తెర మీద దొర తల తిప్పినప్పుడల్లా అది మెరిసేది. మా ఆయన అది చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కొత్త బొమ్మలకి తోళ్ల కొదవ లేదు. దారి పొడుగునా మేకలు పడి ఉన్నాయి. మంచి మేకతోలు నానబెట్టి, బొచ్చు గీకి, లాగి కట్టి ఎండేస్తే దీపం వెలుగు తేనెలాగా దిగుతుంది. ఆకలికి చచ్చిన మేక తోలు అట్లా ఉండదు. మసక మసకగా, ఏదో లోపల దాచినట్టు ఉంటుంది. కుళ్లకుండా ఉప్పు బాగా దట్టించాల్సి వచ్చేది, ఎంత కడిగినా ఆ ఉప్పు వదిలేది కాదు. అట్లాంటి తోళ్ల మీదే పడవ, చేపలు, తాబేలు, తలకాయ గుండు కోశాడు మామ. సముద్రం మటుకు ఎంత ఆలోచించినా కుదరలేదు. ఆఖరికి మా చెల్లెలే తన నీలి చీర తెచ్చిచ్చింది. దీపానికీ తెరకీ మధ్య దాన్ని ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని ఊపితే వెలుగు నీలంగా పాకింది. ఎప్పుడూ సముద్రం చూడని మేము, మా సముద్రాన్ని చూసి మేమే నోళ్లు తెరిచాం. చెల్లెలు నా పాత చీర కట్టుకుంది.

"దీవిలో మన మనిషి ఒకరు కనపడాల," అన్నాడు మేస్త్రి. "ఒక ఆడపిల్లని కొయ్యండి. స్నానం చేస్తా, తాబేలెక్కతా తిరగాల."

ఆ బొమ్మ కోస్తున్న నాలుగు రోజులూ తోలు రెండో కొస పట్టుకుని మామ ఎదురుగా కూర్చున్నది చెల్లెలే. ఆయన చేతికి ఎదురుగా ఉన్న ముఖమే వచ్చింది. కావాలని చేశాడని నేను అనను. రంగులు పూసి పైకెత్తి పట్టుకున్నప్పుడు అందరం ఒక్కసారే చూశాం. అదే ముక్కు, అదే నిలుచునే తీరు, గడ్డం కింద ఉలి జారి చిన్న గంటు. మామ బొమ్మని బోర్లా పెట్టేశాడు.

"బతికుండే మనిషికి బొమ్మ కొయ్యగూడదు," అన్నాడు. "ఒక మనిషికి రెండు నీడలు పెట్టినట్టు. దీనికి కన్ను తెరవను. ఇంకోటి కోస్తా."

మేస్త్రి తొందరలో ఉన్నాడు. కన్ను లేని పిల్లని చూసి ఎవరొస్తారు అన్నాడు. ఆయన కొత్తగా తెచ్చిన నూకల మూట ఇంకా విప్పకుండా వాకిట్లోనే ఉంది. మామ దాని వంక చూశాడు, మా ముఖాల వంక చూశాడు. ఉలి తీసుకుని ఒక్క దెబ్బలో కన్ను తెరిచాడు. ఆకలి రుచెరగదంటారు, కట్టుబాటు కూడా ఎరగదు. చెల్లెలు మాత్రం బొమ్మ ముందుకు వచ్చి, తన అలవాటు ప్రకారం రెప్ప వేయకుండా దానివంకే చూస్తూ కూర్చుంది.

మొదటి ఆట ఉదయగిరిలో, కొండ కింద మైదానంలో. రాత్రంతా మేలుకునే ఓపిక జనానికి లేదని మేస్త్రి పొద్దు కొండ మీద ఉండగానే మొదలుపెట్టించాడు. కొండవైపు వీపు పెట్టి తెర కట్టాం. వింజమూరు దాకా ఊళ్ల జనం వచ్చారు. వచ్చినవాళ్లు మాట్లాడుకోవడం లేదు, పిల్లలు ఏడవడం లేదు. అంత నిశ్శబ్దంగా కూర్చున్న జనాన్ని నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. తెర సందులోంచి చూస్తే ఎముకల మీద పెద్ద పెద్ద కళ్లు, అన్నీ ఇటే.

బొమ్మ పిల్లకి గొంతు నేనే. ముఖం చెల్లెలిది కాబట్టి గొంతు కూడా చెల్లెలిదే పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. నోరు తెరవగానే అది అచ్చంగా వచ్చేసింది, నాకే ముచ్చటేసింది. ఇప్పుడు తలచుకుంటే నా నోటికి వాతలు పెట్టాలనిపిస్తుంది. "అక్కలారా, ఈ నీళ్లు చూడండి, నా పాదాలు నాకు కనపడతా ఉండాయి," అన్నాను. పిల్ల నీలి నీళ్లలో మునిగి లేచింది. పడవెక్కింది. రంగుల దిబ్బల మీద పరిగెత్తింది. దూకే నీళ్ల కింద నోరు పెట్టి తాగింది. తాబేలు మీదెక్కి తెర ఈ కొస నుంచి ఆ కొసకి పోతుంటే జనంలో మొదటిసారి ఒక నవ్వు వినపడింది. చాలా రోజులుగా వాడని నవ్వు, దగ్గులాగా ఉంది.

ఆట ఎట్లా ముగియాలో మేస్త్రి ముందే చెప్పాడు. పిల్ల దీవిలో సంతోషంగా నిలబడి ఉండగానే దీపం ఆర్పేయాలి. తిరిగి రావడాలు, వరసగా నిలబడడాలు వద్దు. "వచ్చేది చూపిస్తే పోవాలనిపించదు," అన్నాడు. మామ నావంక చూశాడు. మంగళం మొదటి మాట నా నాలిక కొసదాకా వచ్చింది. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. మింగేశాను. బొమ్మని తుమ్మముల్లుతో తెరకి గుచ్చి, మా ఆయన దీపం ఊదేశాడు.

అప్పుడు జరిగింది మేమెవ్వరం అనుకోనిది. మామూలుగా దీపం ఆరితే తెర చీకటి. ఆ రోజు మా వెనక, కొండ మీద, ఎర్రటి వెలుగు ఇంకా మిగిలే ఉంది. అది తెరలోంచి దిగింది. మేడలు పోయాయి, పడవ పోయింది, సముద్రం పోయింది. ఆ పిల్ల ఒక్కతే నల్లగా నిలబడి ఉంది. ఆడించే చెయ్యి లేదు, దీపం లేదు, గొంతు లేదు. గాలికి తెర కదిలితే చెయ్యి కొంచెం ఊగింది. రమ్మంటున్నట్టుందని కొందరన్నారు, వద్దంటున్నట్టుందని కొందరన్నారు. మంగళం కోసం జనం కూర్చునే ఉన్నారు. వెలుగు పూర్తిగా పోయేదాకా ఒక్కరూ లేవలేదు.

చెల్లెలు ముందు వరసలో ఉంది. నేను పోయి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడలేదు.

"పోతాను అక్కా," అంది.

"యాడికి?"

"దీవికి."

"పిచ్చిదానా, అది నా గొంతు. నీ చీర. మా మామ కోసిన తోలు. నీకు తెలవదా?"

"తెలుసు. ఈ గొంతు నీదే. కానీ నేను అప్పుడే ఆడ ఉండాను గదక్కా. మీరు నన్ను తీసుకరాకుండానే దీపం ఆర్పినారు. ఇంక ఈడ ఉండేదెవురు?"

తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను, గంజి మానేసి పడుకున్నాను. అది నా తల నిమిరి, నాకు జ్వరమొచ్చినప్పుడు కూర్చున్నట్టు పక్కన కూర్చుంది తప్ప మాట మార్చలేదు. ఐదు రోజుల తర్వాత ఆత్మకూరు నుంచి కదిలిన గుంపులో అదీ ఉంది. మేస్త్రి కొత్త చీర ఇచ్చాడు. తన నీలి చీర నాకే వదిలేసింది, సముద్రం లేకపోతే మీకు ఆట ఎట్లా అని. వంపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఒక్కటే పట్టుకున్నాను. దాన్ని వదిలేసింది నేను, తెచ్చుకోవాల్సిందీ నేనే.

ఆ తర్వాత కొండాపురంలో, వింజమూరులో ఇంకా నాలుగైదు చోట్ల అదే ఆట ఆడాం, మంగళం లేకుండానే. ప్రతి చోటా కొందరు లేచి మేస్త్రి వెంట పోయారు. మా కడుపులు నిండాయి. దాచడమెందుకు, ఆ నూకల అన్నం రుచిగానే ఉండేది.

మరుసటి ఈశ్వర సంవత్సరంలో వానలు పడ్డాయి. మేస్త్రి రావడం మానేశాడు. మేము పాత కథలు మళ్లీ బయటికి తీశాం. దీవి పిల్లని ఏ బుట్టలో పెట్టాలో తెలియలేదు. దేవత కాదు, రాక్షసి కాదు. గుడ్డలో చుట్టి పాక వాసానికి వేలాడదీశాం. వానాకాలం మధ్యలో ఒక పొద్దున గుడ్డ తడిగా ఉంటే విప్పాను. బొమ్మ మోకాళ్ల దాకా తెల్లగా పొడి కట్టి ఉంది. వేలితో అద్ది నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. తోలుకి పట్టించిన ఉప్పే చెమ్మకి బయటికి ఉబికిందని మామ అన్నాడు, ఆముదం రాసి తుడిచాడు. పది రోజులకి నడుం దాకా వచ్చింది. మళ్లీ తుడిచాం. అట్లాంటి తోళ్లతోనే కోసిన తాబేలుకి రాలేదు, చేపలకి రాలేదు. మేకకీ మేకకీ తేడా ఉంటుందన్నాడు మామ. ఆ మాట అనేటప్పుడు ఆయన నా ముఖం చూడలేదు.

ఆ కోతల కాలంలో కొండాపురంలో తెర కట్టబోతే ఒక అవ్వ వచ్చి గుంజలకి అడ్డంగా కూర్చుంది. ఒంటరి ముసలిది, కొడుకు మేస్త్రి వెంట పోయాడు.

"మీ ఆట ఇంకా అయిపోలా," అంది. "మా పిల్లోణ్ని ఆ తెర మీద వదిలేసి దీపం ఆర్పుకోని పోయినారు. ముందు వాణ్ని తీసుకరండి. ఆ పైన ఏ కథన్నా ఆడుకోండి."

"అవ్వా, ఆ బొమ్మ ఆడపిల్లది, నీ కొడుకుది గాదు," అన్నాడు మా ఆయన.

"నాకు తెలవదా? ఆ పిల్ల వస్తే గదరా దాని ఎనక మిగతావాళ్లు వచ్చేది!"

ఆమె వెనక ఇంకో పదిమంది ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. గుంజలు పీక్కుని వచ్చేశాం. తిరుగు ఆట ఆడదామని నేను మామని ఆ రోజే అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. మంగళం మొదట ఎక్కడ మానామో అక్కడే పాడాలి, ఉదయగిరిలో పాడాలి, ఆ తెర వెనక నిలబడే ధైర్యం తనకి లేదన్నాడు. అంత మనిషి అట్లా అనేసరికి నేను మళ్లీ అడగలేకపోయాను.

మరుసటి ఏడు ఒక మనిషి మా పాక వెతుక్కుంటూ వచ్చాడు. మా చెల్లెలి గుంపులోనే చెన్నపట్నం దాకా పోయినవాడు. కన్ను సరిగా లేదని అక్కడ ఓడ ఎక్కనివ్వలేదంట. ఊళ్లు పట్టుకుని కూలి చేసుకుంటూ ఇన్నాళ్లకి ఇల్లు చేరాడు. ముంతతో నీళ్లిస్తే తాగి ముంత పక్కన పెట్టాడు.

"మీ చెల్లెలు ఓడెక్కలా అమ్మా," అన్నాడు. "ఓడ వచ్చేదాకా మమ్మల్ని కొట్టాల్లో పెట్టినారు. ఆడనే జ్వరం తగిలింది. వానలు మొదలైనాక పోయింది."

అతను నేలవంక చూస్తూ మిగతాది చెప్పాడు. "దినామూ మాపటేళ ఇసకలో కూచోని సముద్రం చూసేది. ఏం చూస్తుండావమ్మే అంటే, ఆడ ఒక పిల్ల నీళ్లాడతా ఉండాది, కనపళ్లా అనేది. మాకేం కనపడలా. అది నేనే, మా అక్క మాట్లాడతా ఉంటే ఇనపడతా ఉండాది అనేది. రాత్రిళ్లు జ్వరంలో గూడా అదే మాట. దీపం ఆర్పేముందు పిలస్తాదిలే అనేది."

దీవి మీద పాదం కూడా పెట్టలేదు. ఆ నీళ్లు లేవు, ఆ తాబేళ్లు లేవు. చెన్నపట్నం ఇసకలో కూర్చుని, నేను పిలుస్తానని చూసింది. వానలు మొదలయ్యాక అన్నాడు కదా, ఉప్పు ఎప్పుడు పట్టిందో లెక్క చూడమని మా ఆయన అన్నాడు. నేను చూడలేదు. చూస్తే ఏదో ఒకటి తేలుతుంది, ఏది తేలినా నేను భరించలేను.

ఈసారి మామని అడగలేదు, చెప్పాను. ఉదయగిరిలో అదే మైదానంలో, అదే వేళకి తెర కట్టించాను. ఎవరికీ కబురు పెట్టలేదు. అయినా కొండాపురం అవ్వతో సహా అందరూ వచ్చారు. మా ఆయనా మరిదీ నీలి చీర పట్టుకున్నారు. ఏ వైపు పంపామో ఆ వైపు నుంచే పిల్లని నేనే నీళ్లలోకి దించాను. ఆడవాళ్లు బొమ్మ పట్టకూడదు. ఆ రోజు ఎవరూ ఆ మాట అనలేదు. చీర మీద వెలుగు ఊగుతుంటే పిల్ల అడుగడుగూ ఇటు నడిచింది. చెల్లెలి గొంతు పెట్టలేదు, నా గొంతుతోనే పిలిచాను. "రా పాపా, రా. ఆలీసమైంది. తప్పు నాదే, రా."

నడి సముద్రంలో ఉండగా జనం లేచి నిలబడ్డారు. ఒక్కొక్కరే తమవాళ్లని పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. తెరంతా పేర్లతో నిండింది. నా చేతిలో బొమ్మ బరువెక్కింది. అలిసిపోయి అట్లా అనిపించి ఉంటుంది, కానీ ఒక పిల్లని నీళ్లలోంచి చంకల కింద పట్టి లాగినప్పుడు ఎంత బరువుంటుందో అంత బరువు. ఒడ్డుకి తెచ్చి ముల్లుతో తెరకి గుచ్చి నిలబెట్టాను. మంగళం పాడాను. ఒక్క చరణం కూడా వదల్లేదు. పాడటం అయ్యాక ముల్లు పీకి, బొమ్మని గుండెకి ఆనించుకుని, అప్పుడు దీపం ఆర్పమన్నాను. కొండ మీద వెలుగు తెరలోంచి దిగింది. తెర మీద ఎవరూ లేరు. అవ్వ దణ్ణం పెట్టి ముందుగా లేచింది. జనం ఇళ్లకి పోయారు.

ఇంక కట్టుబాటు ప్రకారం బొమ్మని నీళ్లకి వదలాలి. మూడో రోజు ఆత్మకూరు దగ్గర పెన్న ఒడ్డున మామ స్నానం చేయించాడు, పసుపు రాశాడు. ఆ ఏడు పెన్న నిండుగా ఉంది. నీళ్లలోకి దిగి ఆయన చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

"ఈ నీళ్లు యాడికి పోతాయి మామా?"

పెన్న సముద్రానికే పోతుందని ఎవరికి తెలియదు? ఆయన చాచిన చెయ్యి అట్లాగే కిందికి దించేసుకుని ఒడ్డుకొచ్చాడు.

బొమ్మని దాని నీలి చీరలోనే చుట్టుకున్నాను. ఇప్పుడది సముద్రం కాదు, దాని చీరే. పడమటి దారి పట్టి, చెల్లెలు నడిచి వచ్చిన దారినే వెనక్కి నడిచాను. మర్రిపాడు చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది. ఊరి బయట మెట్ట మీద, రాళ్లు పేర్చిన మా అమ్మ గుంత పక్కన మోకాటిలోతు తవ్వాను. చేత్తో అడుగంతా తడిమి చూశాను. ఇంకో జానెడు తవ్వి మళ్లీ చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. అప్పుడు దాన్ని అమ్మవైపు తిప్పి పడుకోబెట్టాను.

"ఇంటికొచ్చినావు పాపా," అన్నాను. "ఇంక నేనే పిలిచినా పోబాక."